జిగురు బిగిసేలోగా

తీగ వేడెక్కింది. ఈ చివర మీరు పట్టుకోండి, ఆ చివర మేస్త్రి గారు పట్టుకుంటారు. తాళ్లరేవులో రేకుల షెడ్డు కింద బల్ల మీద తెల్లటి థర్మకోల్ దిమ్మ ఉంది. దాని రెండు కొసలకీ ప్లైవుడ్ ముక్కలు మేకులతో బిగించాం. ఒకటి పడవ నడుము ఆకారం, ఒకటి ముక్కు వైపు ఆకారం. నైక్రోమ్ తీగ ఆ రెండు అంచులనీ ఆనుకుని సాగాలి. బలంగా లాగొద్దు. తీగే దారి చేసుకుంటుంది, చేతులు దాని వెంట వెళ్తే చాలు.

నడుము వైపు అంచు పొడుగు, ముక్కు వైపు పొట్టి. అందుకే రెండు ముక్కల మీదా ఒకే అంకెలు రాసిపెట్టాం.

"మూడు," అంటారు మేస్త్రి గారు.

"మూడు దాటుతున్నానండి."

"ఆయ్, నాలుగు మీద కాసేపు ఆగండి బాబూ, నేనొస్తున్నా."

ఇలా ఫోమ్‌ని తీగతో కోసి, అచ్చు లేకుండా నేరుగా పైన గ్లాసు గుడ్డ పరిచే పద్ధతికి పేరు తెచ్చింది విమానాలు కట్టేవాళ్లు. అమెరికాలో బర్ట్ రూటాన్ గీసిన వేరీఈజీ 1975లో ఎగిరింది, దాని రెక్కలు ఇలా తయారైనవే. ఒకే ఒక్క కయాక్ కావలసినవాడికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. అచ్చు చేసే కష్టమంతా తప్పుతుంది.

దిమ్మలు అతికించి, ఎమ్రీ కాగితం పట్టి నున్నగా చేశాక రెజిన్ సంగతి. మేస్త్రి గారు జీవితమంతా వేటపడవలకి పాలియెస్టర్ రెజిన్ పూసినవారు. ఆ డబ్బాలోంచి ఒక్క చుక్క ఈ తుక్కు ముక్క మీద వేస్తారు, దగ్గరికొచ్చి చూడండి. ముందు తడి మచ్చ. తర్వాత చిన్న గుంట. గింజలు ఒకదాంట్లోకి ఒకటి కుంగి, అంచులు సాగి, గుంట లోపలికి దిగిపోతూనే ఉంది. ఆ రెజిన్‌ని పలచన చేసేది స్టైరీన్, థర్మకోల్ పుట్టిందీ స్టైరీన్ నుంచే. ఒకటి రెండోదాన్ని కరిగించేస్తుంది. అందుకే మనది ఎపాక్సీ, ఖరీదు ఎక్కువైనా సరే.

పొద్దు వాలింది, ఇప్పుడే మొదలుపెట్టాలి. ఉదయం పూస్తే ఎండ ముదిరేకొద్దీ ఫోమ్‌లో గాలి వ్యాకోచించి, తడి రెజిన్‌లోంచి బుడగలుగా పైకొస్తుంది. సాయంత్రమైతే చల్లబడే ఫోమ్ జిగురుని లోపలికి పీల్చుకుంటుంది.

తూకం వెయ్యండి, రెండు పాళ్లు రెజిన్, ఒక పాలు హార్డనర్. కంటి అంచనా పనికిరాదు. కలిపింది కప్పులో ఉంచకండి, దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది. వెడల్పు పళ్లెంలో పొయ్యండి. గ్లాసు గుడ్డ పరిచి, నడుము దగ్గర పోసి, రబ్బరు రేకుతో రెండు వైపులకీ తోయండి. తెల్లటి గుడ్డ మీ చేతి కింద మాయమైపోతోంది, కింద ఫోమ్ గింజలు అద్దంలోంచి చూసినట్టు కనబడుతున్నాయి. ఎక్కడ ఇంకా తెలుపు మిగిలిందో అక్కడ జిగురు చాలలేదు. ఎక్కడ మెరుపు మడుగు కట్టిందో అక్కడ ఎక్కువైంది, తోసెయ్యండి. బలమిచ్చేది గుడ్డ, మిగులు రెజిన్ ఉత్త బరువు.

"మూల దగ్గర బాబూ, లేస్తోంది!"

గుడ్డ పదునైన అంచు చుట్టూ తిరగనంటుంది. గ్లవుజు వేలితో అదిమి పట్టండి. ఇంకాసేపు. పళ్లెంలో జిగురు చిక్కబడి తీగలు సాగుతోంది, అది ఇక వద్దు, కొత్తది కలుపుదాం.

మర్నాడు పైన చెయ్యి పెడితే మైనంలా జారుతుంది, గోదావరి గాలిలో తేమ అలాంటిది. నీళ్ల గుడ్డతో తుడిచాకే ఎమ్రీ పట్టాలి. తర్వాత రూపాయి బిళ్లతో అడుగడుగునా తట్టుకుంటూ వెళ్లండి. టక్ టక్ టక్. ఇక్కడ ధ్వని బొంగురుపోయింది, గుడ్డ ఫోమ్‌ని వదిలేసింది. మేస్త్రి గారు పెన్సిల్‌తో చుట్టూ గీత గీస్తారు, కోసి మళ్లీ వెయ్యాలి. వదిలేస్తే నీటి దెబ్బకి ఆ పొక్కు పాకుతుంది. మెత్తటి ఫోమ్‌కి అటూ ఇటూ రెండు పలచటి పొరలు అతుక్కుని ఉంటేనే పడవ వంగకుండా నిలబడేది.

ఇంకా ఒక పొరే పడింది. ముక్కు వైపు మీరు పట్టండి, తిరగేద్దాం. లోపలి ఫోమ్‌ని ఒకటిన్నర అంగుళం మందం మిగిలేలా తొలచాలి, సాయంత్రానికి రెండో పొర పడాలి.