సిపాయి తూకంలో నాయకుడు

సరిహద్దు శిబిరానికి నాయకులు వెళ్లడం, జవాన్లకు మిఠాయి పంచడం, సైనిక జాకెట్టు తొడుక్కుని ఫొటో దిగడం మన దేశంలో ఏళ్లుగా స్థిరపడిన ఆనవాయితీ. 1984లో భారత సైన్యం సియాచిన్‌పై పట్టు సాధించిన ఏప్రిల్ 13 వచ్చినా, కార్గిల్ విజయ దినం జూలై 26 వచ్చినా, దీపావళి వచ్చినా ఆ దృశ్యాలు పత్రికల నిండా కనిపిస్తాయి. నాయకుడి పక్కన నిలబడిన సిపాయి మనసులో ఏముందో మాత్రం ఎక్కడా కనిపించదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం, 1950 నాటి సైనిక చట్టం అతని వాక్‌స్వాతంత్ర్యానికి హద్దులు గీశాయి. ఓటు వేయగలడు గాని రాజకీయం మాట్లాడకూడదు. అందుకే అతని అభిప్రాయం పదవీ విరమణ తర్వాతి జ్ఞాపకాల్లోనో, సెలవుకు ఊరొచ్చినప్పుడు అరుగు మీది కబుర్లలోనో బయటపడుతుంది.

నాయకుడి రాకపై సిపాయి ఏమనుకుంటాడన్న ప్రశ్నే రాజుల కాలంలో పుట్టలేదు. పాలించేవాడే యుద్ధభూమిలో ఉండేవాడు. 1520లో రాయచూరు యుద్ధంలో ముందు వరుసలు చెదిరినప్పుడు శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా ముందుకు కదిలాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. గెలుపోటములు రెండింటిలోనూ రాజుకు పాలు ఉన్నందున అతని రాకను సిపాయి శంకించాల్సిన పని లేదు. కంపెనీ రోజుల్లో, ఆ తర్వాత బ్రిటిష్ ఏలుబడిలో పాలకుడు దూరమయ్యాడు. గవర్నర్లు, వైస్రాయిలు కవాతు చూసి వందనం స్వీకరించి వెళ్లేవారు. సిపాయి బాగోగులు అడగడం వారి పని కాదు, చెప్పుకోవడం సిపాయి పనీ కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఓట్లతో గెలిచిన నాయకుడు శిబిరానికి రావడం మొదలైంది. తొలి అనుభవాలు చేదైనవే. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య 1959లో రాజీనామా ఇచ్చి, నెహ్రూ కోరికపై వెనక్కి తీసుకున్నారు. మూడేళ్లకు చైనా యుద్ధం వచ్చింది. చాలినన్ని చలిదుస్తులు లేక నూలు యూనిఫారాలు, కాన్వాసు బూట్లతో మంచుకొండలెక్కిన జవాన్లు ఢిల్లీ మాటల విలువను అక్కడ తెలుసుకున్నారు. 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో లాల్ బహదూర్ శాస్త్రి ఆ గాయాన్ని కొంత మాన్పారు. పంచె కట్టుతో, పొట్టి మనిషి, పట్టుబడిన పాటన్ ట్యాంకు ఎక్కి నిలబడిన ఫొటో దేశమంతా చూసింది. యుద్ధంలో తమకు అండగా నిలిచిన ప్రధాని కనుక జవాన్లు ఆ ఫొటోను తమదిగానే భావించారు.

పెద్దల పర్యటన శిబిరంలో ఎలా ఉంటుందో తెలిస్తే సిపాయి జాగ్రత్త అర్థమవుతుంది. వీఐపీ వస్తున్నారనగానే చూనా-గేరూ పని మొదలవుతుంది. దారి పక్క రాళ్లకు సున్నం, ఎర్రమట్టి పూస్తారు. ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే సాధన చేయిస్తారు. ఆ సాయంత్రం బడాఖానాలో అధికారులు, జవాన్లు కలిసి భోంచేస్తారు. ‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అని నాయకుడు అడిగితే, పక్కనే కమాండింగ్ ఆఫీసర్ ఉండగా, ‘సబ్ ఠీక్ హై సాబ్’ అన్న జవాబే వస్తుంది. మంచుకొండల్లో ఈ పర్యటనల భారం ఇంకా ఎక్కువ. సియాచిన్‌లో ఎత్తైన పోస్టులకు చీతా హెలికాప్టర్ ఒక్కో విడతలో కొద్ది కిలోల సరుకే మోయగలదు. కిరోసిన్, మందులు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు అన్నీ దానిమీదే రావాలి. వాతావరణం అనుకూలించే గంటలు కొన్నే. వాటిలో కొన్ని పర్యటనకు పోతే ఆ లోటు పైనున్నవాళ్లే భరించాలి.

ఇంత భారమున్నా జవాన్లు ఎదురుచూసిన రాజకీయ నాయకుడు ఒకరున్నారు. ఆయన జార్జ్ ఫెర్నాండెజ్. ఆయన గతంలో సైన్యంతో పరిచయమేమీ లేదు. మంగళూరులో పుట్టి, బొంబాయి కార్మికుల మధ్య ఎదిగి, 1974లో దేశవ్యాప్త రైల్వే సమ్మె నడిపిన యూనియన్ నేత. ఎమర్జెన్సీలో బరోడా డైనమైట్ కేసులో జైలుకెళ్లి, 1977లో అక్కడి నుంచే ముజఫర్‌పూర్ లోక్‌సభ స్థానం గెలిచారు. 1998 మార్చిలో వాజపేయి ప్రభుత్వంలో రక్షణ మంత్రి అయినప్పుడు, నలిగిన కుర్తా పైజమాతో తిరిగే ఈ సోషలిస్టు సైన్యాన్ని ఏం అర్థం చేసుకుంటాడని సందేహించినవారు చాలామంది.

ఆయన మొదట చేసిన పనుల్లో సియాచిన్ వెళ్లడం ఒకటి. 76 కిలోమీటర్ల పొడవైన ఆ హిమానీనదం మీద చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీలకు పడిపోతుంది. తూటాల కన్నా హిమపాతాలు, మంచుకాటు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటివే ఎక్కువమందిని బలిగొన్న చోటు అది. కిరోసిన్ పొయ్యి మసి ముక్కుపుటాల నిండా పేరుకుంటుంది. ఒకసారి వెళ్లొస్తేనే గొప్ప అనుకునే ఆ చోటికి ఫెర్నాండెజ్ మంత్రిగా ఉండగా 18 సార్లకు తక్కువ కాకుండా వెళ్లారని చెబుతారు. క్రిస్మస్ కూడా అక్కడి జవాన్లతో జరుపుకున్నారు. యూనియన్ నాయకుడిగా కార్ఖానా గేటు దగ్గర కార్మికుణ్ని అడిగినట్టే, మంచు మీద సిపాయిని ‘నీకు ఏం తక్కువైంది?’ అని అడిగేవారు.

ఆ ప్రశ్నకు ఒకసారి దొరికిన జవాబు ‘స్నో స్కూటర్లు’. మంచు మీద సరుకు, గాయపడినవారిని తరలించడానికి అవి అత్యవసరం. కొనుగోలు ఫైలు మాత్రం ఢిల్లీ కార్యాలయంలో అడ్డంకులు దాటడం లేదు. తిరిగొచ్చిన మంత్రి, ఫైలును ఆపిన అధికారులు కొన్నాళ్లు సియాచిన్‌లో ఉండి రావాలని ఆదేశించారు. తర్వాత ఫైలు కదిలింది. ఈ కథ ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకు, ఒక రెజిమెంటు నుంచి ఇంకో రెజిమెంటుకు పాకింది. మంత్రి తమతో దిగిన ఫొటోల కన్నా ఈ ఒక్క ఉత్తర్వే జవాన్లకు ఎక్కువ గుర్తుండిపోయింది. 2003లో, మిగ్-21 విమానాల భద్రతపై విమర్శలు ముసురుకున్నప్పుడు, 73 ఏళ్ల వయసులో ఆయనే అంబాలాలో ఆ విమానమెక్కి గగనవిహారం చేశారు. పైలట్లు రోజూ ఎదుర్కొనే ప్రమాదంలో తానూ కాసేపు భాగం పంచుకున్నారు.

ఫెర్నాండెజ్ జీవితం మచ్చలు లేనిదేమీ కాదు. రక్షణ కొనుగోళ్లలో లంచాలపై తెహల్కా రహస్యంగా తీసిన టేపులతో 2001లో పదవి వదిలారు, అదే ఏడాది తిరిగొచ్చారు. కార్గిల్ అమరుల కోసం కొన్న శవపేటికల్లో అక్రమాలన్న ఆరోపణ ఆయనను ఏళ్ల తరబడి వెంటాడింది. 2009లో సీబీఐ దాఖలు చేసిన అభియోగపత్రంలో మాత్రం ఆయన పేరు లేదు. 2019 జనవరిలో ఆయన కన్నుమూసినప్పుడు పలు సంతాప వ్యాసాల్లో సియాచిన్ ప్రస్తావన వచ్చింది.

ఆయన వేసిన బాటలో 2004 ఏప్రిల్‌లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం, 2005 జూన్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్, 2014 దీపావళికి ప్రధాని నరేంద్ర మోదీ సియాచిన్ వెళ్లారు. అయితే ఇంకోవైపు, సైనికుల పేరు ఎన్నికల ప్రచారానికి ఎక్కడంతో కథ చిక్కుపడింది. 1999 కార్గిల్ విజయం తర్వాతి ఎన్నికల్లో సభావేదికల మీద దళాధిపతుల చిత్రాలు వెలిశాయి. ఆనాటి సైన్యాధిపతి జనరల్ మాలిక్ దీన్ని వ్యతిరేకించారు. సైనికుల ఫొటోలను ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులో చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో 150 మందికి పైగా మాజీ సైనికాధికారుల పేర్లతో, సైన్యాన్ని రాజకీయాలకు వాడుకోవడాన్ని వ్యతిరేకిస్తూ, రాష్ట్రపతికి లేఖ వెళ్లింది. పేర్లున్నవారిలో కొందరు తమ సమ్మతి లేదన్నారు. మాజీ సైనికుల్లోనూ ఏకాభిప్రాయం లేదని దానితో తేలింది.

సెల్‌ఫోన్ ఇంకో మార్పు తెచ్చింది. 2017 జనవరిలో ఒక బీఎస్ఎఫ్ జవాను తమ తిండి బాగాలేదంటూ వీడియో పెట్టాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సైన్యంలో ఫిర్యాదుల పెట్టెలు ఏర్పాటు చేస్తామని అప్పటి సైన్యాధిపతి జనరల్ రావత్ ప్రకటించారు. ‘సబ్ ఠీక్ హై’ వెనుక చెప్పుకోలేని మాటలున్నాయని అప్పుడు అందరికీ తెలిసింది.

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లోని సోనమ్ పోస్టుపై హిమపాతం పడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన 10 మంది మరణించారు. వారిలో ఒకరు కర్నూలు జిల్లా బిడ్డ. 2015 నుంచి మూడేళ్ల కాలాన్ని పరిశీలించి, 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఎత్తైన ప్రాంతాల్లో మంచు కళ్లజోళ్లు, బూట్లకు కొరత ఉందని తేల్చింది. ఒక ఆహారం బదులు ఇంకోటి ఇచ్చిన కొన్ని సందర్భాల్లో అందిన కేలరీలు 82 శాతం వరకు తగ్గాయని చెప్పింది. అవి పాత లెక్కలని, పరిస్థితి మెరుగుపడిందని సైన్యం బదులిచ్చింది. ఆ ఏళ్లలోనూ నాయకులు సరిహద్దులకు వెళ్తూనే ఉన్నారు, జవాన్లకు మిఠాయి పంచుతూనే ఉన్నారు.

సిపాయి పర్యటనను ద్వేషించడు. తనను గుర్తుపెట్టుకుని వచ్చిన మనిషిని ఆదరించడం అతని సంస్కారం. వచ్చినవారు తిరిగి వెళ్లాక తన బూటు, తన రేషను, తన పెన్షను ఏమయ్యాయన్నదే అతని కొలత. సరిహద్దుకు వెళ్లే ప్రతి నాయకుడూ కెమెరాతో పాటు ఒక నోటుపుస్తకం కూడా తీసుకెళ్లాలి. అందులో రాసుకున్న కోరికల్లో ఎన్ని తీరాయో ఏడాదికోసారి పార్లమెంటులో చెప్పాలి. ఫొటో చూసి చప్పట్లు కొట్టే పౌరులు ఆ లెక్క అడగాలి.