ఉచిత వైఫై, యార్డులో మోగిన ఓటీపీ

ఈరోజు ఎపిసోడ్ ఒక ఓటీపీతో మొదలై, తొంభై ఏళ్ల కిందటి ఒక పడవ దాకా వెళ్తుంది. ఈ రెంటికీ సంబంధం ఏంటో చివరికి మీకే తెలుస్తుంది.

పోయిన మార్చిలో గుంటూరు వైపు ఒక లైబ్రరీకి షూట్ కోసం వెళ్లాను. మిర్చి సీజన్ కదా, రోడ్డంతా టిక్కీల లారీలు, గాలిలో ఘాటు. రీడింగ్ రూం గోడకి 'ఉచిత వైఫై' అని కాగితం అంటించి ఉంది. దాని కింద డీఎస్సీకి చదువుకుంటున్న ఒక అమ్మాయి, సిమ్ లేని పాత ఫోన్ పట్టుకుని కూర్చుంది. వైఫైకి కనెక్ట్ అయితే ఒక పేజీ వచ్చింది, మొబైల్ నంబర్ అడిగింది. ఇంట్లో ఉన్న ఒక్క నంబర్ వాళ్ల నాన్నది. ఆయన మిర్చి యార్డులో ఉన్నాడు. ఓటీపీ అక్కడికి వెళ్లింది. నా ఫోన్ తీసుకుని రెండుసార్లు చేసింది. "ఎత్తట్లేదన్నా, కాటాల టైం" అంది.

సరే అని నా నంబర్ కొట్టాను. వెంటనే వచ్చేసింది. ఆ అమ్మాయి పాత ప్రశ్నపత్రాలు డౌన్‌లోడ్ చేసుకుంది. నేను మాత్రం ఇంటికి వచ్చాక కూడా దాని గురించే ఆలోచించాను. గోడ మీద ఉచితం అనే రాశారు, నిజంగానే రూపాయి తీసుకోలేదు. మరి ఆ అమ్మాయికి ఎందుకు అందలేదు?

నాకూ ఒక అనుభవం ఉంది. 2015లో నేను బీటెక్ సెకండియర్. జియో ఇంకా రాలేదు, అది వచ్చింది 2016 సెప్టెంబర్‌లో. ఒక జీబీ డేటా అంటే రెండు వందల యాభై దాకా అయ్యేది, నెలంతా దాన్నే పొదుపుగా వాడుకోవాలి. కాలేజీ లైబ్రరీ మూసేశాక కూడా మెట్ల మీద కూర్చుని, గోడ దాటి వచ్చే సిగ్నల్‌తో కోడింగ్ వీడియోలు దించుకునేవాళ్లం. నా మొదటి ఉద్యోగం ఆ మెట్ల మీదే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఇలాంటివాణ్ని నేనొక్కణ్నే కాదు. 2016లో రైల్‌టెల్, గూగుల్ కలిసి రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై పెట్టాయి. కేరళలో ఎర్నాకుళం స్టేషన్లో ఒక రైల్వే కూలీ, మూటలు మోస్తూనే ఆ వైఫైతో పాఠాలు విని 2018లో అక్కడి పబ్లిక్ సర్వీస్ రాతపరీక్ష పాసయ్యాడు. దేశమంతా వార్త అయింది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. ఆంధ్రలో గ్రంథాలయం అనేది మొదటినుంచీ ఒక ఉద్యమం. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్యగారు ఉన్నారు. 1918లో చీరాల పక్కన నేతపనివాళ్ల ఊరు వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. పాత పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికి వెళ్తారు.

నాకు బాగా నచ్చే కథ మాత్రం 1935ది. దుగ్గిరాల దగ్గర పెదపాలెం అనే ఊరి మనిషి పాతూరి నాగభూషణంగారు. ఊళ్లో లైబ్రరీ పెడితే ఆ ఊరివాళ్లకి సరిపోతుంది, మరి కాలువ గట్టు మీద ఉన్న మిగతా ఊళ్ల సంగతేంటి? అప్పట్లో డెల్టాలో కాలువే రోడ్డు. అందుకని పుస్తకాలని పడవ ఎక్కించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా పడవ గ్రంథాలయం నడిచింది. జనం ఎలాగూ తిరిగే దారిలోకే పుస్తకం వెళ్లింది. పుస్తకానికీ మనిషికీ మధ్య ఉన్న అడ్డం ఏంటో ఆయన ముందు కనిపెట్టారు, అది దూరం. ఆ దూరాన్ని తీసేశారు.

మరి ఇప్పుడున్న అడ్డం ఏంటి? దూరం కాదు, ఆ అమ్మాయి రౌటర్ కిందే కూర్చుంది. అడ్డం ఆ నంబర్.

ఆ నంబర్ ఎందుకు అడుగుతారో కూడా చెప్పాలి, ఊరికే పెట్టింది కాదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు ఒక బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. ఆరా తీస్తే అది నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఎవరిదో వైఫై నుంచి వెళ్లిందని తేలింది. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది, పబ్లిక్ వైఫై వాడేవాళ్లెవరో తెలియాలి అని. న్యాయమైన మాటే.

కానీ అందులో రెండు దారులున్నాయండీ. ఒకటి, ఎస్సెమ్మెస్‌తో లాగిన్ పంపడం. రెండోది, ఫోటో గుర్తింపు కార్డు కాపీ తీసుకుని లాగిన్ ఇవ్వడం. ఇంజినీర్‌గా నాకు తెలుసు, మొదటిది ఒకసారి కోడ్ రాసి వదిలేస్తే చాలు. రెండోదానికి ఒక మనిషి కావాలి. అందుకే దాదాపు ప్రతిచోటా మొదటిదే మిగిలింది. ఆ దారిలో ఏం జరిగిందో చూడండి. ఆరోజు సిస్టంలో నా నంబర్ పడింది, వాడింది ఆ అమ్మాయి. అంటే ఎవరు వాడారో తెలియాలి అన్న అసలు ఉద్దేశమే అక్కడ తప్పింది.

చిత్రం ఏంటంటే, ఆ రెండో దారికి కావలసిన మనిషి లైబ్రరీలో ఆల్రెడీ ఉన్నాడు, లైబ్రేరియన్. రిజిస్టర్ ఉంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్లేవాళ్లకి మెంబర్ కార్డు ఉంది. సభ్యత్వం అప్పుడే గుర్తింపు కాపీ ఒకటి తీసుకుని, వచ్చినప్పుడల్లా ఆరోజుకి చెల్లే పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిస్తే సరిపోతుంది. హోటళ్లలో చీటీ ఇవ్వట్లేదా? అదే పద్ధతి. ఫోన్ ఎవరి జేబులో ఉన్నా, చీటీ ఆ అమ్మాయి చేతిలో ఉంటుంది.

ఇంకో విషయం. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో లైబ్రరీ సెస్సు కలిసి ఉంటుంది, రూపాయికి 8 పైసలు. రసీదు తీసి చూడండి, కనిపిస్తుంది. అంటే ఆరోజు యార్డులో ఫోన్ ఎత్తని ఆ నాన్న, ఆ లైబ్రరీకి డబ్బు కట్టినవాడే. ఆయన కూతురు ఎవరి దయ మీదా అక్కడ కూర్చోలేదు.

నేను ఆ చీటీ సంగతి అక్కడి లైబ్రేరియన్‌గారికి ఫోన్ చేసి చెప్పాను. "పైనుంచి మాట రావాలి బాబూ, రాసి పంపు, పెడతాను" అన్నారు. రాసి పంపాను. జవాబు వస్తే ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను. ఈలోపు మీ ఊరి లైబ్రరీకి ఒకసారి వెళ్లండి. వైఫై ఉందా అని మాత్రమే అడక్కండి. సొంత ఫోన్ నంబర్ లేనివాళ్లు ఎలా వాడుకోవాలి అని అడగండి.

ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.