మిజాజ్ నుంచి హార్మోన్ దాకా

"మిజాజ్ షరీఫ్?" ఇంటికొచ్చిన మెహమాన్‌ని మా అబ్బా ఇలాగే పలకరించేవారు. ఆ పలకరింపులో ఒక పాత తిబ్ దాగుందని ఉర్దూ మీడియం బడిలో నాకెవరూ చెప్పలేదు.

ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా. ఈ నాలుగూ సరిపాళ్లలో ఉంటే సెహత్, తప్పితే మర్జ్. జాలీనూస్ చెప్పిన ఈ మాటను వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో పేర్చిపెట్టాడు. లెక్క నిలబడలేదు గానీ సవాల్ నిలబడింది: జిస్మ్ తన ఏతదాల్‌ని ఎలా కాపాడుకుంటుంది?

అంతా నరాల హుకుమతే అనుకున్నారు చాలాకాలం. అరుగుదల మీద పనిచేసి 1904లో నోబెల్ అందుకున్న రష్యా పావ్‌లోవ్‌దీ అదే మాట. కానీ 1902లోనే లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఒక కుక్క పేగుకు వెళ్లే నరాలు కోసేసి, ఆ పేగులో ఆమ్లం పోశారు. అయినా క్లోమంలో రసం ఊరింది! ఖబర్ నెత్తుటి దారిన వెళ్లిందన్నమాట. ఆ ఖాసిద్ పేరు సెక్రెటిన్. 1905లో స్టార్లింగ్ ఇలాంటివాటిని 'హార్మోన్లు' అన్నాడు. నరాలు ఓడిపోలేదు లెండి. భయమేస్తే ఎడ్రినల్ గ్రంథిని తట్టిలేపేది నరమే. ఆపైన పని నెత్తుట్లో కలిసిన ఎడ్రినలిన్‌ది.

ఇన్సులిన్ కూడా హార్మోనే. 1922లో టొరంటోలో ఆ సూది మొదట పడిన 14 ఏళ్ల కుర్రాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు. మా అబ్బా మాత్రం "సూదంటే ఆఖరీ మంజిల్ బేటా" అంటూ రెండేళ్లు దాటేశారు. ఈలోగా కాలి వేలు పోయింది. అది పరాయి దవా కాదబ్బా, ఒంట్లో ఊరాల్సిందే అని చెప్పడానికి అప్పటికి నాకిదంతా తెలీదు.