మూడాటల మిసాకా

కంప్లిలో మా ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. 1953 అక్టోబరు 1న మా జిల్లా చీలింది: ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మేం మైసూరుకు వచ్చాం. ఇల్లు కదల్లేదు, రాష్ట్రం మారింది. అమెరికాలో, యూటాలో స్థిరపడ్డాక బాస్కెట్‌బాల్ ఆటగాడు వాట్ మిసాకా కథ విన్నప్పుడు, ఆటకన్నా ముందు నాకు కనబడ్డది ఇలాంటి గీతే.

మిసాకా 1923లో ఇక్కడికి దగ్గరి ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రిది క్షౌరశాల, దాని కింది నేలమాళిగలోనే కాపురం. అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో మన దేశస్థులు 'తెల్లవాళ్లు' కారు గనక పౌరసత్వం లేదని తేల్చిందీ ఆ ఏడే. జపాన్‌వాళ్లకు అలాంటి తీర్పు అంతకు ముందేడాదే అయింది. ఈ నేల మీద పుట్టిన కొడుకు పౌరుడు, కన్నవాళ్లు పరాయివాళ్లు.

జపాన్‌తో యుద్ధం వచ్చింది. 1942లో పడమటి తీరం వెంట గీత గీసి, అటువైపున్న జపాన్ సంతతివాళ్లను లక్షా ఇరవై వేల మంది దాకా శిబిరాలకు తోలారు. వాళ్లలో ఎక్కువమంది ఇక్కడ పుట్టిన పౌరులే. ఆగ్డెన్ ఆ గీతకు ఇవతల ఉంది గనక మిసాకా ఇంటి జోలికి ఎవరూ రాలేదు. అదే యూటాలో, టోపాజ్ ఎడారిలో, అలాంటి మొహాలవాళ్లే వేలమంది ముళ్లకంచె వెనక ఉన్నారు. వాళ్లు అక్కడుండగానే, 1944లో, మిసాకా ఉన్న యూటా యూనివర్సిటీ జట్టు న్యూయార్కులో డార్ట్‌మత్‌ను 42-40తో ఓడించి జాతీయ విజేత అయింది. వెంటనే అతణ్ణి సైన్యం పిలిచింది. హిరోషిమాకు పంపి, బాంబు దెబ్బ తిని బతికినవాళ్లను ప్రశ్నలడిగే పని అప్పగించింది. అమ్మ భాష మాట్లాడే మనుషుల ఎదుట, బాంబు వేసిన దేశపు సైనిక దుస్తుల్లో! ఇరవై రెండేళ్లవాడు ఆ పని ఎట్లా చేశాడో.

తిరిగొచ్చి 1947లో మళ్లీ న్యూయార్కులోనే కెంటకీ మీద ఫైనల్ ఆడాడు. వాళ్ల మేటి ఆటగాడు రాల్ఫ్ బియర్డ్‌ను ఒక్క పాయింటుకు కట్టేశాడు. నిక్స్ జట్టు పిలిచి ఉద్యోగమిచ్చింది. ఇప్పటి ఎన్‌బీఏకు మూలమైన ఆ లీగులో తెల్లవాడు కాని మొదటి ఆటగాడు అతనే. నల్లవాళ్లకు చోటు దొరికింది 1950లో. మిసాకా ఆడింది మూడాటలు, చేసింది ఏడు పాయింట్లు. నవంబరు దాటకముందే పంపించేశారు. జాతి కారణమని మిసాకా అనలేదు, జట్టులో గార్డు స్థానపు ఆటగాళ్లు ఎక్కువయ్యారన్నాడు. ఆయన మాట కాదనడానికి నేనెవర్ని? నాకు మాత్రం అనుమానం పూర్తిగా తీరలేదు. హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ జట్టు రమ్మంటే వద్దని, చదువు ముగించి సాల్ట్‌లేక్‌లో ఇంజనీరయ్యాడు. 2019లో, 95 ఏళ్లకు పోయాడు.

ఫోన్లో ఇదంతా చెబితే కంప్లిలో మా నాన్న అడిగింది ఒకటే: "ఆ బుట్ట ఎంతెత్తుంటాదిరా?"

"పదడుగులు."

"మరి ఆయన?"

"అయిదడుగుల ఏడంగుళాలు."

"నీయంతే గదా," అన్నాడు.