గోరి లేని నటి

పుదుచ్చేరి పట్టణపు అంచున గోరిమేడు అను ప్రాంతము కలదు. గోరి యనగా సమాధి యని తెలుగువారెఱుగుదురు. మేడు తమిళమున మిట్ట. ఆ పట్టణమును 1954 వఱకు ఏలిన ఫ్రాన్సు తన దేశమున ఒక మహానటికి గోరి యైనను ఈయలేదు.

ఆమె అద్రియెన్ లెకూవ్రేర్. రంగస్థలమును త్యజింతునని మాట యీయని నటులకు నాటి చర్చి అంత్యసంస్కారము నిరాకరించెడిది. 1730 మార్చిలో ఆమె మరణింపగా రాత్రివేళ రహస్యముగ పాతిపెట్టిరి. వోల్టేరు ఆగ్రహించి పద్యము వ్రాసెను.

ఆ యేడే ద్రెవే యను శిల్పి, క్వాపెల్ చిత్రము ననుసరించి, ఆమె రూపమును రాగిరేకుపై చెక్కెను. అందామె కార్నెయ్ నాటకములోని కర్నేలియా. భర్త పాంపే భస్మకలశమును హత్తుకొని యున్నది. భస్మమునకు కలశము కలదు. దానిని మోయు నటికి శ్మశానమున చోటు లేదు.

కర్నేలియా రోమను చరిత్రలోని స్త్రీ. పురాణవేషమునకు వచ్చిన, క్లెరోన్ పటము ప్రసిద్ధము. భర్తపై పగతో బిడ్డలను చంపి ఆకాశరథమెక్కిన గ్రీకు మీడియాగా ఆమెను వాన్ లో చిత్రించెను. 1764లో కార్స్, బోవర్లే అనువారు దానిని చెక్కిరి. వ్యయము 15వ లూయీ రాజు భరించెను. చిత్రము ఒక మేడలో నిలుచును; రాగిరేకు గీతలలో సిరా నింపి కాగితముపై అదిమిన పటమో, నాటకము చూడని వారి యింటికిని పోవును.

రాజు మెచ్చినది మీడియాను, నటిని కాదు. మరుసటి యేడే, దుష్ప్రవర్తకుడైన సహనటునితో ఆడనన్నందుకు క్లెరోన్‌ను చెఱసాలకు పంపిరి. 1766లో ఆమె రంగము విడిచెను. నటులకు పౌరహక్కులు 1789 డిసెంబరులో విప్లవసభ యిచ్చినది. 1803 వఱకు జీవించిన ఆమె దానిని చూడగలిగెను; లెకూవ్రేర్ చూడలేదు.

పాత్రకు మ్రొక్కి నటిని వెలివేయుట ఫ్రాన్సు దోషము మాత్రమే కాదు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో పుట్టిన సమాజము, స్త్రీపాత్రలను పురుషులే ధరించుట పరిపాటియైన కాలమున, తమ కుటుంబ స్త్రీలనే రంగమెక్కించినది. ద్రౌపదికి కన్నీరు కార్చిన ప్రేక్షకులలో, ఆ వేషము ధరించిన యింటి ఆడపడుచును తమ గడపలోనికి ఆదరించి పిలిచినవారెందఱు? పటము వేషమును భద్రపఱచును. వేషము వెనుకనున్న మనిషిని భద్రపఱచుట చరిత్రకారుని పని.