నైట్రేటు చరిత్ర: వరాలా తలావ్ మొదలు ఉప్పునీటి తొట్టి వరకు

ఠాణే జిల్లాలోని భీవండి మరమగ్గముల పట్టణముగా దేశమున ప్రసిద్ధి గన్నది. తెలంగాణపు జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకొని వలసపోయిన పద్మశాలీలు అచ్చటి పద్మానగర్‌లోను, కామత్‌ఘర్‌లోను స్థిరపడి, మగ్గపు నేర్పుతో పాటు బతుకమ్మ పండుగను గూడ అక్కడ నాటిరి. కామత్‌ఘర్ చెంత, వర్హాలదేవి గుడి ప్రక్కనున్న వరాలా తలావ్ ఊరికి కొంత త్రాగునీటి నిచ్చుచున్నది. వినాయక నిమజ్జనములకును అది ఒక రేవు.

పండుగలలో నీట విడిచిన పూవులును పత్రియు మురిగి కంటికి కానరాకుండ బోయినను, వానిలోని నత్రజని నీటిని విడిచిపోదు. అది మొదట అమోనియాయై, పిమ్మట నైట్రైటై, తుదకు నైట్రేటై నిలుచును. ఈ మార్పు కేవల రసాయనికమని పండితులు చిరకాలము తలచిరి. 1877లో ఫ్రాన్సున ష్లోజింగ్, మ్యూంట్స్ అను శాస్త్రజ్ఞులు ఇసుకయు సున్నపురాయియు నింపిన గొట్టము గుండ మురుగునీటిని మెల్లగా పంపిరి. సుమారు ఇరువది దినములకు అమోనియా తగ్గి నైట్రేటు పుట్టెను. క్లోరోఫారము ఆవిరిని సోకించినంతనే ఆ పని ఆగిపోయెను. మత్తుమందునకు లోబడునది ప్రాణియే గావలెనని వారు నిశ్చయించిరి. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను.

ఇంటి చేపల తొట్టెల చరిత్రయు ఈ శాస్త్రముతోనే పెనవేసికొనియున్నది. 1850లో లండనున రాబర్ట్ వారింగ్టన్ చేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒక్కచో నుంచి, ఒకదాని వ్యర్థము మరియొకదానికి ఆహారమగునట్లు తూకము కుదిర్చెను. ఆయన కుమారుడు, తండ్రి పేరివాడే, రోథమ్‌స్టెడ్ క్షేత్రమున నైట్రేటు పుట్టుకను పరిశోధించెను. 1853లో లండన్ జంతుశాలయందు ప్రజలకై మత్స్యశాల వెలసెను. భీవండికి చేరువనున్న ముంబయిలో 1951లో తారాపోర్‌వాలా మత్స్యశాల ఆరంభమయ్యెను.

అయినను ఉప్పునీటి తొట్టిలో ఒక చిక్కు మిగిలెను. వడపోతలోని సూక్ష్మజీవులు విషమైన అమోనియాను నైట్రేటుగా మార్చి చేపను కాచును గాని, ఆ నైట్రేటు దినదినము పేరుకొని, నాచును పెంచి, పగడపు జీవులను పీడించును. దానికి విరుగుడు ఊపిరియాడని చోట నున్నది. 1880ల దశకమున గాయోన్, డ్యుపెటిట్ అనువారు, ప్రాణవాయువు లేనిచోట కొన్ని సూక్ష్మజీవులు నైట్రేటునుండియే ప్రాణవాయువును గ్రహించి, నత్రజనిని వాయురూపమున వెడలగొట్టునని కనుగొనిరి. చెరువు అడుగున గాలి సోకని బురదలోను ఇట్లు జరుగును. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు సజీవశిలలను, అనగా సూక్ష్మజీవులు కాపురముండు రాళ్లను, తొట్టియందుంచు పద్ధతిని ప్రకటించెను. ఆ రాళ్ల లోపలి రంధ్రములు అట్టి గాలిలేని తావులే. పిమ్మట మొనాకోలో జోబెర్ మందపు ఇసుకపఱపు క్రింద నిలువనీటి పొర నుంచి అదే పనిని సాధించెను.

ఇన్ని ఉపాయములు వచ్చినను, లెక్క సులభము. లీటరునకు 40 మిల్లీగ్రాముల నైట్రేటున్న తొట్టిలో నాలుగవవంతు నీటిని శుద్ధజలముతో కలిపిన క్రొత్త ఉప్పునీటితో మార్చిన 30 మిగులును. మరల మార్చిన 22.5 అగును. అయితే మన దేశమున త్రాగునీటికే 45 మిల్లీగ్రాముల వరకు అనుమతి గలదు. కావున కొళాయినీటితోనే ఉప్పు కలిపినచో తొట్టిలోని నైట్రేటు తగ్గుటకు మారుగా పెరుగవచ్చును. పాఠకులు ముందు తాము పోయబోవు నీటిని పరీక్షింపవలెను. చేపలు వెంటనే తినివేయునంత మేతనే వేయవలెను. తొట్టిలో పడని మేతనుండి నైట్రేటు పుట్టదు; మితముగా మేపుటకు మించిన మందు లేదు.