కదలని కారుకి ఆయిలెందుకు? - ఓ మూడువేల మైళ్ళ కథ

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక మనవాళ్ళ కార్లు చాలావరకు అపార్టుమెంటు సెల్లార్లలో దుమ్ము కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆఫీసులు తెరిచినా, వారానికి రెండ్రోజులు వెళ్ళేవాళ్ళ కార్లు ఏడాదికి మూడు నాలుగువేల కిలోమీటర్లకి మించి తిరగడం లేదు. సర్వీసింగుకి రమ్మని మెసేజ్ రాగానే వచ్చే ప్రశ్న ఒకటే. "పదివేలు తిరగనేలేదు, అప్పుడే ఆయిలు ఎందుకండీ మార్చడం? దోచుకోడానిక్కాకపోతే!"

న్యాయమైన అనుమానమే. కానీ ఆయిలు వయసుని కిలోమీటర్లలో కొలవాలని అసలెవరు చెప్పారు? ఆ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే జవాబు దానంతటదే దొరుకుతుంది. కథ అమెరికాలో మొదలవుతుంది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఆయిల్ పంపూ లేదు, ఆయిల్ ఫిల్టరూ లేదు. కింద ఉన్న ఆయిలు తిరిగే భాగాలకి తగిలి చిందుతూ ఉంటే, ఆ చిందిందే ఇంజనుకి తైలాభిషేకం. ఆ కారు మాన్యువల్లో కొత్తలో 400 మైళ్ళకి ఒకసారి, ఆ తర్వాత సుమారు ప్రతి 750 మైళ్ళకీ పాత ఆయిలు తీసెయ్యమని రాశారు. ఫిల్టరు లేని ఇంజను, మట్టిరోడ్లు, ఏ మందూ కలపని మామూలు ఆయిలు... అప్పటికి ఆ లెక్క సబబే.

తర్వాత ఒక్కో సమస్యా తీరుతూ వచ్చింది. 1923లో ఎర్నెస్ట్ స్వీట్లాండ్ ఆయిల్ ఫిల్టరు కనిపెట్టి ప్యూరోలేటర్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదే అది క్రైస్లర్ కారులో చేరింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మసిని పేరుకోనివ్వకుండా తనలో కలిపేసుకునే డిటర్జెంట్ ఆయిళ్ళు కార్లలోకి వచ్చాయి. 1960లలో ఇంజను అడుగున చేరే ఆవిర్లని తిరిగి లోపలికి పీల్చి కాల్చేసే పీసీవీ వాల్వు వచ్చింది. సీసం లేని పెట్రోలు రావడంతో ఆయిల్లో చేరే ఆమ్లాలు తగ్గాయి (మన దేశంలో సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 2000లో). చోక్ లాగితే పచ్చి పెట్రోలు బోర్లలోకి ధారగా పోసే కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 1974లో మొబిల్ వన్ సింథటిక్ ఆయిలు తెచ్చి, 25,000 మైళ్ళు లేదా ఏడాది అంటూ ప్రకటనలు ఇచ్చింది.

ఇన్ని మారినా అమెరికా జనం నోట్లో మాత్రం "మూడు నెలలు లేదా మూడువేల మైళ్ళు" అన్న మంత్రం అలాగే ఉండిపోయింది. మూడువేల మైళ్ళంటే దాదాపు 4,800 కిలోమీటర్లు. పది నిమిషాల్లో ఆయిలు మార్చి పంపించే దుకాణాలు 1970ల నుంచి అక్కడ ఊరూరా వెలిశాయి. మార్చడం అయ్యాక విండ్‌షీల్డు మూలన "మళ్ళీ ఫలానా మైళ్ళకి రండి" అని స్టిక్కరు అంటిస్తారు. ఆ దేశంలో కారు నడిపినవాళ్ళకి ఆ స్టిక్కరు బాగా పరిచయమే. మన భాషలో చెప్పాలంటే, ఎప్పుడో ఎవరో కోడ్‌లో రాసేసిన నెంబరు అది. ఎందుకు రాశారో కామెంట్ లేదు, తీసేస్తే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు.

ముట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక న్యూయార్కులో 75 టాక్సీలు తీసుకుని ఒక్కోటీ 60,000 మైళ్ళు తిరిగేదాకా గమనించి, 1996లో ఫలితాలు వేసింది. మూడువేల మైళ్ళకి ఆయిలు మార్చిన ఇంజన్లనీ, ఆరువేలకి మార్చినవాటినీ విప్పి కొలిస్తే అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. చూశారా, మంత్రం ఉత్తదే అని చాలామంది చంకలు గుద్దుకున్నారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. టాక్సీ రోజంతా తిరుగుతూనే ఉంటుంది, ఇంజను చల్లారే తీరికే ఉండదు. మన సెల్లార్లో కారుది సరిగ్గా దీనికి రివర్సు. కూరగాయలకి రెండు కిలోమీటర్లు, మళ్ళీ నాల్రోజులు నిద్ర. టాక్సీ మీద చేసిన టెస్టు పట్టుకొచ్చి ఈ కారుకి సర్టిఫికెట్ ఇవ్వలేం. ఆ పత్రికే ఈ మాట చెప్పింది కూడా.

తేడా ఎందుకంటే - ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. నమ్మబుద్ధి కాదు గానీ ఇది ఇంటర్మీడియట్ కెమిస్ట్రీనే. పెట్రోల్లో ఉన్న హైడ్రోజనంతా గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. చాలామటుకు ఆవిరై సైలెన్సర్లోంచి పోతుంది. కొద్దిగా మాత్రం పిస్టన్ రింగుల సందులోంచి కిందికి దిగి ఆయిల్లో చేరుతుంది, దాంతోపాటు కాలని పెట్రోలు కూడా. ఇంజను బాగా వేడెక్కి ఆయిలు కాగితే ఇవి రెండూ ఆవిరైపోతాయి. కానీ ఆయిలు వేడెక్కడానికి కూలెంటు కన్నా ఎక్కువ సేపు పడుతుంది. రెండు కిలోమీటర్లకే ఆపేస్తే నీళ్ళు నీళ్ళుగానే మిగులుతాయి. ఆమ్లాలు తయారవుతాయి, వాటిని విరిచే మందులు ఆయిల్లో ఖర్చయిపోతాయి, చివరికి జిడ్డు మడ్డి పేరుకుంటుంది.

ఈ సంగతి కంపెనీలకి తెలియక కాదు. 1980లలో జీఎమ్ కార్ల మాన్యువళ్ళలో రెండు పట్టికలు ఉండేవి. మామూలు వాడకానికి 7,500 మైళ్ళు లేదా ఏడాది. కఠినమైన వాడకానికి మూడువేల మైళ్ళు లేదా మూడు నెలలు. ఆ "కఠినమైన" జాబితాలో ట్రైలర్లు లాగడం, దుమ్ములో తిరగడంతో పాటు చిన్న చిన్న ట్రిప్పులు కూడా ఉన్నాయి! అంటే ఆదివారం చర్చికీ, పక్కవీధి కొట్టుకీ మాత్రమే కారు తీసే పెద్దాయన కఠినమైన డ్రైవరన్నమాట :)

ఈ చిక్కుముడికి మనవాళ్ళకి నచ్చే పరిష్కారం జీఎమ్ పరిశోధకులు షర్లీ ష్వార్జ్, డొనాల్డ్ స్మోలెన్‌స్కీ కనిపెట్టారు. ఆయిల్లో ఏ సెన్సరూ ముంచలేదు. ఇంజను ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అని లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాశారు. ఇంజను చల్లగా ఉండగా తిరిగినా, మరీ వేడెక్కి తిరిగినా ఆ చుట్లకి పెనాల్టీ ఎక్కువ. ఇది 1988 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. మైళ్ళు అనేది అసలు కారణం కాదు, చేతికి దొరికిన కొలత మాత్రమే అని లెక్కల్లో పెట్టి చూపించిన పని అది. ఇంత తెలివైన ప్రోగ్రామ్ ఉన్న కార్లకి కూడా జీఎమ్ ఒక టైమవుట్ పెట్టింది - మీటరు ఏం చెప్పినా సరే, ఏడాదికి ఒక్కసారైనా మార్చండి అని.

కాబట్టి మన మాన్యువల్లో "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటే, రెండో సగం సర్వీస్ సెంటర్ వాడి అత్యాశ అనుకోనక్కర్లేదు. తక్కువ తిరిగే బండికి అసలు రూలు అదే. మొదటి సగం రోజూ హైవే ఎక్కేవాళ్ళది. మూడువేల మైళ్ళ మంత్రాన్ని నమ్మి డబ్బు పోగొట్టుకున్నది ఒకరైతే, అది ఉత్తదని తెలిసి ఆయిల్ని మూడేళ్ళు వదిలేసి ఇంజను పోగొట్టుకునేది ఇంకొకరు. పైగా వారంటీలో ఉన్న బండైతే, టైముకి సర్వీసింగు చేయించలేదన్న ఒక్క కారణం చాలు, క్లెయిము అడిగినప్పుడు పేచీ పెట్టడానికి.

ఇంకోటి. బ్యాటరీ దిగిపోతుందని వారానికోసారి సెల్లార్లోనే స్టార్టు చేసి, ఐదు నిమిషాలు ఉంచి ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. పైన చెప్పిన కెమిస్ట్రీ ప్రకారం ఆయిలుకి అంతకన్నా చెడ్డ పని ఇంకోటి లేదు. ప్రతిసారీ కాసిని నీళ్ళు పోయడం, ఆరకముందే మూత పెట్టడం. దానికి బదులు వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీదో, బీచ్ రోడ్డు మీదో అరగంట ఆపకుండా తిప్పుకురండి. బ్యాటరీకీ మంచిది, ఆయిలుకీ మంచిది, ఇంట్లో వాళ్ళకీ మంచిది.